ఏం పని పడ్డది?

“ఏం పని పడ్డది బిడ్డా?”

నాలుగే నాలుగు మాటలు. ఇందులో తిట్టు లేదు, కోపం లేదు. మా అత్తమ్మ కథలాపూర్ నుంచి ఫోనులో చాలా మెత్తగానే అడిగింది. నేను దుబాయిలో మా వంటింటి గుమ్మంలో నిలబడి జవాబు కోసం తడుముకున్నాను. దొరకలేదు. పదేళ్ళు దాటిపోయినా అప్పుడప్పుడూ తడుముకుంటూనే ఉన్నాను. చివరికి నాకు తేలిందేమిటంటే, ఆ ప్రశ్నే అడగకూడనిది. ఆ ముక్క చెప్పడానికే ఇంత సిరా ఖర్చు పెడుతున్నాను. కోపం వచ్చేవాళ్ళకు వస్తుంది. రానివ్వండి.

ముందు మేం చేసిన నేరమేమిటో చెబుతాను.

2013 డిసెంబరు. మా వారికి అక్కడ లెక్కలు రాసే ఉద్యోగం. జీతం ఫరవాలేదు కనుక నన్నూ పిల్లవాణ్ణీ వెంట తీసుకుపోగలిగారు. మా మండలం నుంచి గల్ఫుకు వెళ్ళినవాళ్ళలో ఆ భాగ్యం బహు కొద్దిమందిది. ఇంత జీతం ఉంటే తప్ప పెళ్ళానికి వీసా లేదన్నది అక్కడి రూలు. తక్కినవాళ్ళంతా సోనాపూర్ వంటి చోట్ల క్యాంపుల్లో, ఒకరి మీద ఒకరి మంచం వేసుకుని ఉండాల్సిందే. సోనాపూర్ అంటే బంగారు ఊరట! ఏ పుణ్యాత్ముడు పెట్టాడో ఆ పేరు!

మేము డేరాలో ఉండేవాళ్ళం. కింది అంతస్తులో సిరిసిల్ల ఆవిడ ఒకామె ఉండేది. నాకంటే ఆరేళ్ళు పెద్దది. నేను ఆమెను “సిరిసిల్ల అక్కా” అనీ, ఆమె నన్ను “కథలాపూర్ చెల్లె” అనీ పిలుచుకునేవాళ్ళం. పరాయిదేశంలో మనిషి పేరు కంటే ఊరి పేరే తియ్యగా ఉంటుంది కాబోలు. ఆమె పుట్టిందీ పెరిగిందీ సాంచాల చప్పుడులో. సాంచాలంటే మరమగ్గాలు. దుబాయికి వచ్చిన కొత్తలో నిశ్శబ్దానికి నిద్రపట్టేది కాదనేది.

ఒక సోమవారం ఇద్దరం గుడికని బయలుదేరాం. అప్పట్లో బర్ దుబాయి వైపు క్రీకు ఒడ్డున, సందులో, మన గుడి ఉండేది. డేరా నుంచి అవతలి ఒడ్డుకు కొయ్యపడవ మీద దాటాలి. పడవకు మనిషికి ఒక్క దిర్హాము. దర్శనమైంది. కొబ్బరిముక్క నోట్లో వేసుకుని బయటికి వచ్చాం. పక్కనే అల్ గుబైబా బస్‌స్టాండు. అక్కడొక బస్సు ఆగి ఉంది. బోర్డు మీద “అల్ ఐన్” అని రాసి ఉంది.

అక్క ఆగింది.

“చెల్లే, ఇయ్యాల నాకు కూర వండబుద్ధయితలేదు” అన్నది.

“నాకూ అంతే” అన్నాను.

“పోదామా?”

“పోదాం.”

ఇంతే జరిగింది. దీని వెనక ఏ కుట్రా లేదు. ఏ స్త్రీవాద సభలోనూ తీర్మానం చేసి రాలేదు. ఎక్కేముందు పక్కింటి మలయాళీ ఆవిడకు ఫోను చేసి, బడి నుంచి వచ్చే పిల్లవాణ్ణి సాయంత్రం దాకా చూడమన్నాను. ఆవిడ “ఎక్కడికి?” అని కూడా అడగలేదు. “సరే, దోసెలు పోసి పెడతాను” అన్నది. ఆ తల్లి చల్లగా ఉండాలి!

అల్ ఐన్ రెండు గంటల దారి. బస్సులో ముందు వరుసలు ఆడవాళ్ళవి. కిటికీ బయట ఇసుక. ఇసుక తరవాత మళ్ళీ ఇసుక. అంత ఇసుకలో ఏం చూస్తామని అడిగితే చెప్పలేను గానీ, ఇద్దరం రెప్పవెయ్యకుండా చూశాం. ఎవరి టిఫిను డబ్బా సర్దకుండా, ఎవరి షర్టు గుండీ కుట్టకుండా రెండు గంటలు ఊరికే కూర్చోవడం పెళ్ళయ్యాక నాకు అదే మొదలు.

అల్ ఐన్ అంటే అరబ్బీలో ఊట అని అర్థం. పేరుకు తగ్గట్టే ఆ ఎడారి నడుమ లక్షకు పైగా ఖర్జూరపు చెట్ల తోట ఉంది. మట్టిగోడల మధ్య నీడ దారులు. గోడల వారన సన్నని కాలవలు. ఆ కాలవల ఏర్పాటును ఫలజ్ అంటారు. కొండల వైపు నుంచి భూమి లోపలగా నీటిని తెచ్చి, తోటలన్నిటికీ వంతులవారీగా పంచుతారు. 2011లో యునెస్కో వాళ్ళు ఆ తోటలనూ, పక్కనున్న హఫీత్ కొండనూ ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు. అక్క ఆ కాలవను చూసి, “మన ఊర్ల నీరటి మడులకు నీళ్ళు ఇడిసినట్టే ఉన్నది గదనే!” అన్నది. నిజమే. ఎవరి వంతు ఎంతసేపు అన్న తగవు చెరువు కిందనైనా ఎడారిలోనైనా ఒకటే. చెప్పులు విడిచి కాలవ గట్టున కూర్చున్నాం. డిసెంబరు కనుక ఎండ నొప్పించడం లేదు. ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు గుర్తు లేదు. అంత మంచి కబుర్లు గుర్తుండవు కూడాను.

అక్క ఫోను మోగింది. వాళ్ళాయన. అక్క నావైపు ఒకసారి చూసి, “గుడికాడున్నం” అన్నది. ఫోను పెట్టేసి నేలవైపు చూసింది. “ఎందుకు అబద్ధం ఆడినవక్కా?” అన్నాను. “ఏమో చెల్లే, నోట్ల నుంచి అదే వచ్చింది” అన్నది. గంట తరవాత మా వారు ఫోను చేశారు. నా నోట్లోంచీ అదే వచ్చింది!

వాళ్ళిద్దరూ రాక్షసులా అంటే, కానే కాదు. నిజం చెప్పినా ఒక్క మాట అనేవాళ్ళు కారు. అయినా అబద్ధం దానంతటదే వచ్చింది. దొంగతనం చెయ్యనివాళ్ళు కూడా పోలీసును చూసి తడబడినట్టన్నమాట. ఆ తడబాటు ఎక్కడ నేర్చుకున్నాం? ఎవరు నేర్పారు? చెబుతాను. దానికి ముందు ఇంకొకరిని మీకు చూపించాలి.

తోట బయట చాయ్ దుకాణంలో కూర్చున్నాం. మా మాట విని ఒకతను దగ్గరికి వచ్చాడు. “అక్కా, తెలుగోళ్ళా? ఏ ఊరు?” అన్నాడు. కథలాపూర్ అనగానే మొహం చేటంత అయింది. మా పక్క మండలమే అతనిది. వచ్చి ఆరేళ్ళయిందట. మధ్యలో ఒక్కసారే ఇంటికి పోయాడట. రోడ్ల వెంబడి చెట్లకు నీళ్ళు పెట్టే కాంట్రాక్టు పని. “ఈ ఖర్జూర తోట మంచిగున్నది గద తమ్మీ?” అంటే, “గిన్నేండ్ల సంది పక్కపొంటి పోతున్న గని, లోపట ఒక్కనాడు కూసోలేదక్కా. శుక్రారం వస్తె బట్టలు పిండుకునుడు, పండుకునుడు” అన్నాడు. నాకు చాయ్ గొంతు దిగలేదు.

ఇంతలో అతనికి ఇంటి నుంచి ఫోను. పక్కకు పోయి, గొంతు పెంచి మాట్లాడి వచ్చాడు. సంగతేమిటని అక్క అడిగింది. భార్య ఎవరో స్నేహితురాలితో కలిసి కోరుట్లకు పోయి సినిమా చూసి వచ్చిందట. ఇతనికి చెప్పకుండా.

“నలుగురు ఏమంటరక్కా? పెనిమిటి దుబాయిల ఉండంగ సీన్మలు సూస్తున్నదంటరు గద!”

అక్క చాయ్ గ్లాసు కింద పెట్టింది.

“తమ్మీ, నువ్వు పంపే పైసలు బ్యాంకుల నుంచి తెచ్చేదెవరు?”

“ఆమెనే.”

“ఏజెంటుకు కట్టిన అప్పు మిత్తి లెక్క జూసి తీరుస్తున్నదెవరు?”

“ఆమెనే.”

“పొలం?”

“ఆమెనే అక్కా. బీడీలు గూడ చేస్తది.”

“మరి గన్ని పనులు చెయ్యనిచ్చినోనివి, మూడు గంటలు కుర్సీల కూసోనియ్యవా?”

అతను నవ్వాడు. నేల చూపు చూశాడు. “గది గంతే అక్కా” అన్నాడు. మా చాయ్ డబ్బులు ఎంత చెప్పినా వినకుండా అతనే ఇచ్చాడు. రోజంతా ఎండలో నిలబడి సంపాదించిన దిర్హాములు! మంచివాడు. ఆ మంచితనమే నన్ను ఇవాళ్టికీ బాధపెడుతుంది. చెడ్డవాడైతే తిట్టి ఊరుకుందును.

అతని భార్య సంగతి ఆలోచించండి. కథలాపూర్, మేడిపల్లి, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఏ వైపు పోయినా అలాంటి ఇల్లాళ్ళు ఇంటింటికీ ఉన్నారు. తెల్లారి లేచి ఇల్లు ఊడ్చి, తునికాకు కత్తిరించి, ఒళ్ళో చాట పెట్టుకుని నడుము విరిగేలా బీడీలు చేస్తుంది. మధ్యాహ్నం కార్ఖానాకు పోయి లెక్క అప్పజెబుతుంది. పిల్లల బడి, అత్తమామల మందులు, పసుపు తవ్వకం, బ్యాంకు లైను, అన్నీ ఆమె నెత్తినే. అవన్నీ చెయ్యడానికి ఊరంతా తిరిగితే ఎవరికీ అభ్యంతరం లేదు. తిరగడం పని కోసమైతే పతివ్రత. తన కోసమైతే? అబ్బో, అప్పుడు నలుగురికీ నోళ్ళు వస్తాయి!

మన ఆడవాళ్ళు గడప దాటడానికి లోకం అయిదు గుమ్మాలు తెరిచి పెట్టింది: పెళ్ళి, చావు, దవాఖాన, గుడి, తల్లిగారిల్లు. ఈ అయిదింటిలో దేనికైనా వెళ్ళవచ్చు. ఆరో గుమ్మం లేదు. మరి మగవాళ్ళకు? మా ఇంట్లో మావయ్యగారి కాలం నుంచీ వింటున్నాను. తువ్వాలు భుజాన వేసుకుని, “అట్ల పోయొస్త” అంటారు. అట్ల అంటే ఎటు? ఎవరూ అడగరు. ఆ “అట్ల” అన్న ఊరు పటంలో ఎక్కడుందో నేను ఇప్పటిదాకా కనుక్కోలేకపోయాను. మొగవాళ్ళంతా రోజూ వెళ్ళి వస్తున్నారు మరి!

మగవాడు చెప్పి వెళతాడు. ఆడది అడిగి వెళుతుంది. మొత్తం తేడా అక్కడే ఉంది. ఇంట్లో ఎవరైనా ఎక్కడికి వెళ్ళినా చెప్పి వెళ్ళాలంటే నేను ఒప్పుకుంటాను. అది ఒకరి మీద ఒకరికి ఉండే ధ్యాస. కాని అడగడం వేరు. అడిగితే అవతలివాడు కాదనడానికి వీలుంటుంది. కాదంటాడేమోనన్న భయం ఉన్నచోట అబద్ధం పుడుతుంది. మేము కాలవ గట్టున కూర్చుని “గుడికాడున్నం” అన్నది అందుకే. పాపం, దేవుణ్ణి కూడా దొంగసాక్ష్యానికి పిలిచాం.

“ఆడవాళ్ళకు ప్రయాణాల సరదా ఈ మధ్య పుట్టింది” అని కొందరంటారు. 1876లోనే పోతం జానకమ్మ తన ఇంగ్లండు ప్రయాణం గురించి పుస్తకం అచ్చువేయించింది. నాయని కృష్ణకుమారి గారు కాశ్మీరు చూసి వచ్చి “కాశ్మీర దీపకళిక” రాశారు. సరదా ఎప్పుడూ ఉంది. లేనిది చేతిలో బస్సు ఛార్జీ, నోట్లో ధైర్యం.

ఆ బస్సు ఛార్జీ ముచ్చటకే వస్తున్నాను. 2017లో మేము దుబాయి విడిచి ఇంటికి వచ్చేశాం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేకుండా పోయింది. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు చింపి ఇస్తారు. ఆంధ్రలోనూ 2025 ఆగస్టు 15 నుంచి అటువంటిదే మొదలైంది. దాంతో లోకానికి ఒక కొత్త జబ్బు పట్టుకుంది. కోరుట్ల బస్‌స్టాండులో, హోటళ్ళలో, పెళ్ళి పందిళ్ళలో, ఎక్కడ చూసినా ఒకటే మాట: “ఆడోళ్ళు పనీ పాటా లేక బస్సులన్నీ నింపుతున్నరు!”

ఆ మాట అన్న పెద్దమనిషి అప్పటికి హోటల్లో కూర్చుని రెండు గంటలయింది. ఆయనకు ఏం పని పడ్డదో ఎవరూ అడగలేదు.

బస్సుల్లో రద్దీ పెరిగిందంటే బస్సులు పెంచమనండి. ఆటోవాళ్ళ గిరాకీ పోయిందంటే అది నిజంగా కడుపుకోతే. సర్కారు వాళ్ళను ఆదుకోవాలి. ఆ రెండు మాటలూ అడగవలసిన చోట అడగాలి. కాని “పనీ పాటా లేక” అన్న మాట బస్సు గురించి అన్నది కాదు. అది ఆ సీట్లో కూర్చున్న మనిషి గురించి. ఆమెకు సొంతంగా ఒక పూట ఉండకూడదన్నది ఆ మాటలోని అసలు సారం. జీవితమంతా పనిచేసిన మనిషిని ఒక్కరోజు పని లేకుండా కనపడ్డందుకు తప్పుపట్టడం ఏ న్యాయం?

“రోజులు మంచివి కావు, ఏదన్నా జరగరానిది జరిగితే?” అంటారు కొందరు. చీకట్లో పొలానికి కరెంటు మోటారు వెయ్యడానికి పంపినప్పుడు ఈ భయం ఎక్కడికి పోయిందండీ? పాము ఉండేది పొలంలోనా, పట్టపగటి బస్సులోనా?

“ఖర్చు” అంటారు ఇంకొందరు. మా ఇద్దరి అల్ ఐన్ ప్రయాణానికి రానూపోనూ బస్సు ఛార్జీ తప్ప ఏమీ కాలేదు. చాయ్ ఖర్చు ఎవరు పెట్టుకున్నారో చెప్పాను కదా.

“ఇల్లు ఏం గావాలె?” అని పెద్దవాళ్ళు. ఏమీ కాదు. మేము సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఇల్లు ఉన్నచోటే ఉంది. పిల్లవాడు పక్కింట్లో నాలుగు దోసెలు తిని, “అమ్మా, రేపు కూడా పోతావా?” అని ఆశగా అడిగాడు.

ఇక మన తోటి ఆడవాళ్ళకు ఒక మాట. ఇది కాస్త చేదుగా ఉంటుంది. ఆ “ఏం పని పడ్డది?” అన్న ప్రశ్న నన్ను అడిగింది మగవాడు కాదు, మా అత్తమ్మ. మేము వచ్చిన రాత్రే కథలాపూర్‌కు సంగతి చేరిపోయింది. అక్కడికీ ఇక్కడికీ గంటన్నర తేడా. వాళ్ళు పడుకునే వేళ దాటినా మేలుకుని మరీ ఫోను చేసింది. ఆ ప్రశ్నను ఆమె తన అత్త దగ్గర నేర్చుకుంది. నేను కోడల్ని తెచ్చుకున్న నాడు నా నోటికీ వస్తుందేమోనని నా భయం. కాపలా కాయడానికి మగవాళ్ళు దుబాయి నుంచి రానక్కర లేదు. వాకిట్లో మనమే ఉన్నాం. పక్కింటావిడ మంచి చీర కట్టుకుని బస్సెక్కితే, “ఎటు పోతున్నవ్?” అని అడిగేది మనమే. “మంచిగ పోయిరా” అంటే మన సొమ్మేం పోయింది?

కనక నా సలహా ఒకటే. నెలకు ఒక రోజు, పండగ కానిదీ, మొక్కు లేనిదీ, ఒట్టి మంగళవారమో బుధవారమో చూసుకోండి. ఒక స్నేహితురాలిని కేకెయ్యండి. ముందు వచ్చిన బస్సు ఎక్కండి. దిగినచోట చెట్టు కిందో, చెరువు గట్టునో కూర్చోండి. ఇంట్లో చెప్పి వెళ్ళండి. అడిగి మాత్రం వెళ్ళకండి.

మా అత్తమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె పెళ్ళయిన నాటి నుంచి బీడీలు చేసిన మనిషి. ధర్మపురిలో గోదావరిని రెండుసార్లే చూసింది. ఒకటి మావయ్యగారి అస్తికలు కలిపినప్పుడు, రెండోది 2015 పుష్కరాల తొక్కిసలాటలో. కిందటి చలికాలం ఒకనాడు పొద్దున్నే తలదువ్వుకుని, ఆధార్ కార్డు రొంటిన దోపుకుని, ఎదురింటి ముసలామెతో కలిసి మాయమైంది. జగిత్యాలలో బస్సు మారి ధర్మపురి పోయారట. దీపాలవేళకు తిరిగి వచ్చింది. నేను చాయ్ ఇచ్చాను. ఏమీ అడగలేదు. ఆమే చెప్పింది.

“గోదారిల కాళ్ళు పెట్టుకోని పొద్దీకెదాక కూసున్నం బిడ్డా. నీళ్ళు ఎంత సల్లగున్నయో!”

ఇంతలో మా వారు లోపలికి వచ్చి, చాలా మెత్తగానే అడిగారు.

“ధర్మపురిల ఏం పని పడ్డదే అమ్మా?”

అత్తమ్మ నావైపు ఒకసారి చూసింది. చాయ్ గుటక మింగింది.

“నర్సింహసామి మొక్కుండె కొడుకా” అన్నది.